అమృతక్క పోసిన పసుపు నీళ్లు

వనపర్తిలో మా వీధి పల్లానికి దిగుతూ పోతుంది. ఎగువన షరీఫాబీ ఇల్లు, మధ్యన మాది, దిగువన పెంటమ్మది. మూడిళ్ల స్నానాల నీళ్లూ, బట్టలుతికే బండల నీళ్లూ నేల లోపల ఒకే పైపులో కలిసి, పెంటమ్మ గడప ముందు నుంచి పోయి పెద్ద మోరిలో పడతాయి. ఆ పైపు ఎవరు వేశారో, ఎప్పుడు వేశారో చెప్పగలిగే వాళ్లు ఇప్పుడు లేరు. అది నేలలో ఎక్కడ వంగుతుందో, ఏ ఇంటి పైపు ఎక్కడ కలుస్తుందో కొంతైనా తెలిసిన మనిషి ఒక్కతే. మా యారాలు అమృతమ్మ. మా ఆయన శ్రవణ్‌కు అన్న భార్య. నేను అక్క అంటాను.

ఆమెను చూసి నేను ఓర్వలేకపోయేదాన్ని. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం తేలిక.

అమృతక్కది ఖిల్లా ఘణపూర్ పక్కన ఒక చిన్న ఊరు. పెళ్లయిన ఏడాదికే మా బావ ప్రేమ్ కుమార్‌తో ఇళ్లు కట్టే పనికి పూణే పోయింది. మొదట ఇటుకలు, ఇసుక మోసింది. అక్కడ పెద్ద బిల్డింగుల్లో స్నానాల గదుల వెనక, పై అంతస్తు నుంచి నేల దాకా ఒక ఇరుకు సందు ఉంటుందట. పైపులన్నీ అందులోనే దిగుతాయట. ఆ సందులో మగ మేస్త్రీల భుజాలు పట్టవు. ఒక వానాకాలం పైపుల మేస్త్రీ ఈమె సన్నపు ఒళ్లు చూసి, నువ్వు దూరతావా అని అడిగాడట. దూరింది. పదకొండేళ్లు ఆ సందుల్లోనే పని చేసింది. మా అత్తమ్మ సత్యమ్మకు మోకాళ్లు పడిపోయాక ఆలుమగలు తిరిగి వచ్చారు. అందరూ పూణే నుంచి గిన్నెలు, దుప్పట్లు తెచ్చుకుంటే ఆమె ఒక సిమెంటు సంచి తెచ్చుకుంది. అందులో పైపు కోసే రంపం బ్లేడు, గమ్ము డబ్బా, పొడుగాటి వెదురు బద్ద, లోపలి నీళ్లు బయటికి కనిపించే సన్నని గొట్టం ఒకటి. ఆ గొట్టంలో నీళ్లు నింపి రెండు చివరలూ పట్టుకుంటే నేల వాలు తెలుస్తుంది.

ఆమెకు చదువు రాదు. పైపు మీద అచ్చు వేసిన అంకెలు చూడదు. రెండు వేళ్లు పడితే ఇంత, పిడికిలి పడితే ఇంత అని చెబుతుంది. పాత బజారులో సుభాన్ భాయ్ సానిటరీ దుకాణానికి పోతే ఆయన గిరాకీలను పక్కన పెట్టి, "రా మేస్త్రీ" అంటాడట. ఈ మాట మా అత్తమ్మ వచ్చిన వాళ్లందరికీ చెబుతుంది. ఒక ఆడదాన్ని మేస్త్రీ అనడం తను ఆ కోడలిని తెచ్చుకున్నందుకే జరిగినట్టు చెబుతుంది.

గజం దూరానికి ఒక వేలి మందం వాలు ఉండాలని అక్క లెక్క. అంతకంటే తక్కువైతే నీళ్లు కూర్చుంటాయి అంటుంది. ఎక్కువైతే నీళ్లు ముందు ఉరికిపోయి చెత్త వెనకబడుతుంది అంటుంది. నీళ్లను మనుషుల్లాగే చెబుతుంది. ఏ ఇంటికి పోయినా ముందు పైపు ముట్టదు. గాజులు మోచేతి దాకా ఎగదోసి, నేల మీద చెవి ఆనించి, నీళ్లు పోయమంటుంది. గుడుగుడుమంటే ఒకటి, గుటకేసినట్టయితే ఒకటి, చప్పుడే లేకపోతే ఒకటి. అది విన్నాకే సంచి విప్పుతుంది. స్నానాల గదుల్లోకి పరాయి మగవాణ్ని పంపడం ఇష్టం లేని ఇళ్లవాళ్లు గద్వాల నుంచి, నాగర్‌కర్నూల్ నుంచి కూడా ఫోన్లు చేసి పిలిపించుకునేవాళ్లు.

నేను కాపురానికి వచ్చింది వాళ్లు పూణే నుంచి వచ్చిన మరుసటేడు. మొదటి వానాకాలంలో ఆశా కార్యకర్త వచ్చి, ఇంట్లో ఎక్కడా నీళ్లు నిలవనీయొద్దని, దోమలు గుడ్లు పెడతాయని చెప్పిపోయింది. ఆ మాట అందరూ విన్నారు. పట్టుకున్నది నేనొక్కదాన్నే. పెద్ద గదిని ఆనుకొని చుట్టాల కోసం కట్టిన చిన్న స్నానాల గది ఒకటుంది. దాన్ని ఎవరూ వాడరు. మూలన జాలీ కింద గిన్నెలాంటి నహానీ ట్రాపులో ఎప్పుడూ రెండు దోసిళ్ల నీళ్లు ఉండేవి. నేను రోజూ జాలీ ఎత్తి, గుడ్డతో ఆ నీళ్లు పీల్చి, గిన్నెను పొడిగా తుడిచేదాన్ని. చెప్పకుండానే ఇంత పని చేస్తున్నానని లోపల సంతోషంగా ఉండేది.

వారం తిరగకముందే ఇల్లంతా కంపు. ఎలుక చచ్చిందని మా ఆయన బీరువా జరిపాడు. అత్తమ్మ సాంబ్రాణి వేసింది. అమృతక్క నాలుగు రోజుల పనికి గద్వాల పోయి అప్పుడే వచ్చింది. సంచి దించకుండానే నేరుగా ఆ గదిలోకి పోయి, జాలీ ఎత్తి, వేలు పెట్టి చూసింది. దీన్ని ఎవలు తుడుస్తుండ్రని అడిగింది. నేనే అన్నాను. ఒక చెంబు నీళ్లు తెచ్చి అందులో పోసింది.

"వాసనకు తలుపు ఆ నీళ్లే చెల్లె. తలుపే ఊడబీకితే ఎట్ల?"

అంతే. గంటలో కంపు పోయింది. మా ఆయన నవ్వాడు, అత్తమ్మ నవ్వింది, బావ కూడా నవ్వాడు. అక్క మాటలో ఎగతాళి లేదు. ఉంటే బాగుండేది, నా కోపానికి ఒక కారణం దొరికేది.

అప్పటి నుంచి నేను లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాను. వీధిలో వాళ్లు ఆమెకు స్టీలు గ్లాసులో చాయ్ ఇస్తే చూసేదాన్ని. పని ముగించి వస్తూ ఎవరో ఇచ్చిన మల్లెపూలు తలలో పెట్టుకొని వస్తే చూసేదాన్ని. మా ఆయన ఏ సందేహం వచ్చినా, వదినను అడుగు అనేవాడు. వాటర్ ఫిల్టర్ నుంచి బియ్యం పురుగుల దాకా అన్నిటికీ వదినే. నాలుగేళ్ల నా బిడ్డ పెద్దమ్మ సంచిలోని, పైపులను కలిపే ఎల్బో ముక్కలు, టీ ముక్కలు తెచ్చుకొని రైలుబండి చేసేది. నేను కొనిచ్చిన బొమ్మ మూల పడి ఉండేది. పడుకునేటప్పుడు కూడా ఒక ఎల్బో ముక్క గుప్పిట్లో పట్టుకునేది.

నేను తొమ్మిది దాకా చదివాను. అచ్చంపేటలో మా అమ్మకు జబ్బు చేస్తే బడి ఆగింది. ఆ చదువుతో ఎవరికీ ఏ పనీ పడలేదు.

మొన్న ఎండాకాలం ముగిసేటప్పుడు ఒక శుక్రవారం షరీఫాబీ స్నానాల గదిలో చీలమండ లోతు నీళ్లు నిలిచాయి. ఇల్లు ఎగువదే అయినా పాతది, ఆ గది నేల వీధి కంటే బాగా లోతు. అక్క పోయింది, చెవి ఆనించింది. పైపు వాళ్ల ఇంట్లోనే మూసుకుందా, మా పైపు కలిసే చోటా, ఇంకా కిందనా అన్నది తేలాలి. దానికి ఆమె దగ్గర ఒక పద్ధతి ఉంది. పసుపు నీళ్లు పోసి, అవి ఎక్కడ బయటపడతాయో, ఎంతసేపటికి పడతాయో చూస్తుంది. పాత వీధుల్లో నేల తవ్వకుండా పైపు జాడ తెలుసుకోవడానికి అంతకంటే మంచి దారి లేదంటుంది. ఆ రోజు ఆమె సంచిలో పసుపు అయిపోయింది. మా వెనక గుమ్మం దగ్గరికి వచ్చి, చెల్లె, గుప్పెడు పసుపియ్యి అంది. నేను గుప్పెడు కంటే కాస్త తక్కువే ఇచ్చాను. పోతూ పోతూ ఆమె ఎప్పుడూ చెప్పే మాట చెప్పింది. తను పిలిచేదాకా ఎవరూ నీళ్లు విడవకూడదు, వేరే నీళ్లు కలిస్తే లెక్క తప్పుతుంది.

నేను దుప్పట్లు సోడా నీళ్లలో నానబెట్టి ఉన్నాను. చేతులు మండేంత గాటు సోడా. బండ దగ్గర కూర్చొని చాలాసేపు ఆగాను. ఎగువ నుంచి షరీఫాబీ మాటలు వినిపిస్తున్నాయి. మేస్త్రీ అట్ల అన్నది, మేస్త్రీ ఇట్ల అన్నది. నాకు ఒళ్లు మండింది. ఆమె చెప్పిందని నా ఇంట్లో నా పని నేను ఎందుకు ఆపుకోవాలి అనుకున్నాను. బకెట్ ఎత్తి జాలీలో గుమ్మరించాను. మురికి సోడా నీళ్లు గుటక వేసినట్టు లోపలికి పోయాయి.

కొంతసేపటికి పెంటమ్మ ఇంటి దగ్గర గోల. నేను మిద్దె మెట్ల మీద నుంచి చూశాను. పోయిన ఏడాది పెంటమ్మ గడప ముందు షాబాదు బండలతో కొత్త మెట్టు కట్టించుకుంది. ఆ మెట్టు మొదట్లో ఉన్న పగులు నుంచి నీళ్లు ఊరుతూ పైకి వస్తున్నాయి. ఎర్రటి నీళ్లు. హారతి పళ్లెంలో నీళ్లలా ఎర్రగా ఉన్నాయి. పెంటమ్మ కోడలికి నిండు నెలలు. బియ్యం కడిగిన నీళ్లు పారబోయడానికి వచ్చి వట్టికాళ్లతో అందులో అడుగు వేసింది.

అక్క పరుగున వచ్చింది. మెట్టు దగ్గర గొంతుక్కూర్చొని ఆ నీళ్లు వేలికి రాసుకొని చూసింది. నేను ఆమె ముఖం ఎప్పుడూ అలా చూడలేదు. తను పోసింది ఉత్త పసుపే అంది.

"ఉత్త పసుపు ఎర్రగ ఎట్లయితది?" అంది పెంటమ్మ. "సున్నం కలిపితేనే అయితది. గది నాకు తెల్వదనుకున్నవా? ఎవలకు దిష్టి తీసినవ్? ఎవల పీడ దెచ్చి నా గడపల వోసినవ్?"

షరీఫాబీ మనవడికి వారం నుంచి జ్వరమని వీధి మొత్తానికి తెలుసు. ఎవరూ పైకి అనకుండానే అందరికీ ఆ జ్వరమూ ఈ ఎర్రనీళ్లూ ఒక్కటయ్యాయి. నా మనవనికి డాక్టర్ సూది వేసిండు, దిష్టి గిష్టి నేను తియ్యలే అని షరీఫాబీ మొత్తుకుంది. వినేవాళ్లు లేరు. సాయంత్రానికి పెంటమ్మ కోడలికి కడుపులో నొప్పి అన్నారు. దవాఖానకు తీసుకుపోతే డాక్టర్ చూసి, ఏమీ లేదు, ఎండకు తిరగొద్దని చెప్పి పంపించాడు. పెంటమ్మకు డాక్టర్ మాట కంటే ఎర్రనీళ్లే ఎక్కువ పట్టాయి.

మరునాడు వీధిలో పెద్దమనిషి చిన్నయ్య వచ్చాడు. రైసు మిల్లులో హమాలీల మీద పెద్దగా పని చేసినవాడు, నలుగురూ వినే మనిషి. మంగళవారం పోచమ్మ గుడి ముందు తడిబట్టలతో ప్రమాణం చేస్తే మాట అక్కడితో ఆగిపోతుందన్నాడు. ఆయన మంచికే చెప్పాడు. ప్రమాణం చేయకపోతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం లేదు. ఒకసారి చేతబడి చేసిందన్న పేరు పడిన ఆడదాన్ని ఎవరూ గడప లోపలికి రానివ్వరు. అక్క బతుకంతా ఇతరుల గడప లోపలి పనే.

అందరూ ఆమె సరే అంటుందనుకున్నారు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"నేను వోసింది పసుపు. ఒచ్చింది ఎరుపు. నడుమ ఏమయిందో నాకు తెల్వదు. తెల్వనిదానికి పోచమ్మ ముంగట ఎట్ల ఒట్టు వెట్టాలె పెద్దయ్యా?"

సున్నం కలపలేదని ఒక్క మాట చెప్పవే అని అత్తమ్మ బతిమాలింది. కలపలేదు, కానీ ఎర్రగా వచ్చింది నా పైపు నుంచే కదా అంది. చిన్నయ్య మంగళవారం దాకా ఆలోచించుకోమని లేచిపోయాడు.

నాకు తెలుసు. ఆ క్షణంలోనే తెలుసు. ఎనిమిదో తరగతిలో సైన్సు సార్ పసుపు రాసిన కాగితాన్ని సబ్బు నీళ్లలో ముంచి, ఎందుకు ఎర్రబడిందని అడిగితే లేచి నిలబడి చెప్పింది నేనే. సబ్బుకైతే ఆ రంగు, సోడాకైతే ఇంకా ముదురు. సున్నం లేకుండా పసుపు ఎర్రబడదన్న పెంటమ్మ మాటలో సగమే తప్పు. ఆ సున్నం పని చేసింది నా బకెట్. ఎవరూ నీళ్లు విడవలేదని అక్క గట్టిగా నమ్మింది కాబట్టి ఆమె లెక్కలో ఆ బకెట్ లేదు.

నేను చెప్పలేదు.

ఆదివారం శ్రీరంగాపూర్ వాళ్లు ఫోన్ చేసి, రేపటి పనికి రావొద్దు, మేమే చూసుకుంటాం అన్నారు. నాగర్‌కర్నూల్ వాళ్లు ఫోన్ ఎత్తనే లేదు. అత్తమ్మ నా బిడ్డను పెద్దమ్మ దగ్గరికి పోనీయలేదు. బిడ్డ కొంతసేపు ఏడ్చి నా ఒళ్లోకి వచ్చి, నేను కొనిచ్చిన బొమ్మతో ఆడుకుంది. అత్తమ్మ చాయ్ నన్ను పెట్టమంది. తాగి, నీ అంత నెమ్మది మనిషి లేదు ఉమా అంది. మా ఆయన వదినను అడుగు అనలేదు. బియ్యంలో పురుగుకు వేపాకు వేస్తే పోతుందా అని నన్నే అడిగాడు. ఆ రోజుల్లో నేను బాగా తిన్నాను, బాగా నిద్రపోయాను. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ అది నిజం.

సోమవారం మధ్యాహ్నం వెనక వాకిట్లో అక్క ఒక్కతే కూర్చొని ఉంది. ముందు అయిదారు గ్లాసులు పెట్టుకుంది. అన్నిటిలో పసుపు నీళ్లు. ఒకదానిలో మోరి మట్టి కలిపింది. ఒకదానిలో పైపు ముక్క రాకి ఆ పొడి వేసింది. ఒకదానిలో గమ్ము చుక్కలు వేసింది. ఒకదానిలో తుప్పు పట్టిన మేకు. ప్రతి గ్లాసూ ఎత్తి ఎండకు చూస్తోంది. అన్నీ పసుపుగానే ఉన్నాయి. తప్పు తన పైపులోనే ఎక్కడో ఉందని, తనకు తెలియనిది ఏదో ఉందని వెతుకుతోంది. నేను ఉతికిన బట్టలు తీయడానికి పోతే తల ఎత్తింది.

"పదకొండేండ్లు పైపులల్ల దిరిగిన. గిది నాకు తెల్వలే చెల్లె. నువ్వు బడికి వోయినదానివి. నీకేమన్న ఎరుకనా?"

ఆ ఇంట్లో నా చదువు గురించి ఎవరైనా అడగడం అదే మొదటిసారి. అడిగింది ఆమె.

"నాకేం తెల్వదక్కా" అన్నాను.

ఆమె సరే అన్నట్టు తల ఊపి ఇంకో గ్లాసులో బూడిద వేసింది. కట్టెల బూడిద వేస్తే ఎర్రబడుతుందని నాకు గుర్తొచ్చి ఆ గ్లాసు వైపే చూశాను. కానీ అది అగరుబత్తీల బూడిద, చిటికెడు. రంగు కొంచెం మారినట్టు అనిపించి మళ్లీ పసుపుగానే కనిపించింది. సాయంత్రం బావ వచ్చి, ఇక్కడ ఇక పని దొరకదు, పూణే పోదాం, సామాను కట్టుకో అన్నాడు. ఆమె గ్లాసులు కడిగి బోర్లించింది.

మంగళవారం పొద్దున ఆమె గుడికి పోవడానికి ఒప్పుకుంది. ఒట్టు పెట్టడానికి కాదట. తెలియదన్న మాటనే పోచమ్మ ముందు చెబుతుందట. ఆ మాట అక్కడ చెబితే నేరం ఒప్పుకున్నట్టే అని మా ఇంట్లో అందరికీ తెలుసు. అత్తమ్మ కళ్లు తుడుచుకుంటూనే బిందె అందించింది. అక్క వాకిట్లో చీరతోనే నిలబడి బిందెడు నీళ్లు తల మీద కుమ్మరించుకుంది. నీళ్లు జాలీలోకి పారాయి. రెండో బిందె ఎత్తినదల్లా మధ్యలో ఆగింది. తల పక్కకు వంచి జాలీ వైపు చెవి పెట్టింది.

"నీళ్లు నిమ్మలంగ వోతున్నయ్. ఎప్పటి లెక్క లేదు" అంది తనలో తాను.

ఆ సమయంలో కూడా ఆమె చెవి పైపు మీదే ఉంది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. నాలో కలిగింది జాలి అని చెప్పుకుంటే బాగుంటుంది. జాలి కొంచెమే. ఆమెకు తెలియనిది నాకు ఒకటి తెలుసు. ఆమె తెలియదంటూనే పూణే పోతే, నాకు తెలుసన్న సంగతి కూడా ఆమెతోపాటే పోతుంది. ఇక ఎప్పటికీ ఎవరికీ తెలియదు. అది తట్టుకోలేకపోయాను.

పసుపు డబ్బా తీసుకొని వెనక గుమ్మం నుంచి షరీఫాబీ ఇంటికి పోయాను. నలుగురిలో నాకు గొంతు రాదు. ఆమె చెవిలో చెప్పాను. ఆమె నన్ను పై నుంచి కిందికి చూసి, బయటికి పోయి, మిగతా పని తన గొంతుతో చేసింది. గుడికి బయలుదేరిన వాళ్లను పెంటమ్మ గడప ముందు ఆపింది.

"చిన్నయ్యా, జర ఆగున్రి. పోచమ్మ యాడికి వోదు. ముంగట గీ మెట్టు జూడున్రి."

నేను పసుపు కలిపిన నీళ్లు షరీఫాబీ స్నానాల గదిలో పోశాను. చాలాసేపటికి పగులు నుంచి పసుపు నీళ్లు ఊరాయి. పసుపుగానే ఉన్నాయి, చూడండి అని షరీఫాబీ ఒక్కొక్కరికీ చూపించింది. తర్వాత మా ఇంట్లోకి పరుగెత్తి, గాటు సోడా కలిపి, బకెట్ మా బండ దగ్గర జాలీలో గుమ్మరించాను. మళ్లీ ఎగువకు పోయి మిగిలిన పసుపు నీళ్లు పోశాను. దిగువకు వచ్చేసరికి అందరూ మెట్టు చుట్టూ వంగి ఉన్నారు. మొదట నారింజ రంగు వచ్చింది. తర్వాత ఎరుపు, ఆ రోజు వచ్చిన ఎరుపే.

పెంటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె కోడలు గుమ్మంలో నిలబడి తన కాళ్ల వైపు చూసుకుంటోంది. చిన్నయ్య వేలు ముంచి, వాసన చూసి, సోడా అన్నాడు. తర్వాత అందరూ నా వైపు చూశారు.

"అయితే శుక్రవారం నాడు సోడా వోసింది ఎవలు?" అన్నాడు.

"నేనే" అన్నాను. ఆ మాట వాళ్లకు వినబడిందో లేదో అని మళ్లీ అన్నాను.

"మరి గీ నాలుగొద్దులు నోట్ల ఏం వెట్టుకున్నవ్ బిడ్డా?"

మా ఆయన ముఖం చూడలేకపోయాను. అత్తమ్మ చేతిలో తడి గుడ్డ ఉంది, అది పిండుతూనే ఉంది. చీర నుంచి నీళ్లు కారుతూ నిలబడిన అక్క అప్పుడు మాట్లాడింది.

"గామె ఎట్ల జెప్తది పెద్దయ్యా? నీళ్లు ఇడువొద్దని జెప్పిన గద. నేను తిడుతనని భయపడ్డది."

ఆమె నిజంగా అలా అనుకుందో, నన్ను కాచిందో ఈ రోజుకూ నాకు తెలియదు. వీధి మొత్తం ముందు నా బకెట్‌ను నా భయం కింద దాచింది. అక్కడ కూడా ఆమెదే పైచేయి అయింది. అందరి ముఖాల్లో అది కనిపించింది.

తర్వాత ఆమె నన్ను మరిచిపోయింది. మెట్టు మీద వంగి, పసుపు నీళ్లు పోసినప్పటి నుంచి వచ్చేదాకా తను లెక్కపెట్టానంది. మామూలుగా ఇరవై లెక్కపెట్టేలోపు రావాలి, నూరు దాటింది అంది. నీళ్లు మోరిలోకి పోయే దారి ఈ మెట్టు కిందనే మూసుకుంది, అందుకే పగులు వెతుక్కొని బయటికి వస్తున్నాయి అంది. పెంటమ్మ పక్కకు జరిగింది. చిన్నయ్యే గడ్డపార తెప్పించాడు. రెండు షాబాదు బండలు లేపితే కింద పైపు శుభ్రం చేసేందుకు వదిలిన పాత గుంత, ఛాంబర్, బయటపడింది. దాన్ని కప్పకుండానే దాని మీద మెట్టు కట్టారు. మిగిలిన సిమెంటు మాలు అందులోకి జారి పైపు నోటికి అడ్డంగా గట్టిపడింది. దాని మీద వెంట్రుకలు, సబ్బు ముక్కలు, నా దుప్పట్ల నూలు పోగులు. అక్క తడిచీర పైకి దోపుకొని అక్కడే కూర్చొని ఉలితో మాలు చెక్కింది. ఎండకు చీర ఆమె ఒంటి మీదే ఆరిపోయింది. నీళ్లు ఒక్కసారిగా మోరిలోకి దూకినప్పుడు ఎగువన షరీఫాబీ స్నానాల గది నుంచి పెద్దగా గుటక వేసిన చప్పుడు వినిపించింది.

పెంటమ్మ చాయ్ తెచ్చింది. అక్క తాగింది. పెంటమ్మ కోడలికి పది రోజులకు ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా బాగున్నారు.

నాకు అనిపించింది, ఇక అందరికీ నా సంగతి తెలిసింది, నన్నూ అడుగుతారని. ఒక్కరోజు అడిగారు. పసుపు ఎందుకు ఎర్రబడుతుందని షరీఫాబీ అడిగితే చెప్పాను. ఆమె విని, అట్లనా అంది. మరునాటి నుంచి మళ్లీ మేస్త్రీ, మేస్త్రీ. శ్రీరంగాపూర్ వాళ్లు మళ్లీ ఫోన్ చేశారు. బిడ్డ మళ్లీ ఎల్బో ముక్కలతో రైలుబండి చేస్తోంది. బొమ్మ మళ్లీ మూల పడింది. అత్తమ్మ ఇప్పుడు కొత్త కథ చెబుతోంది. మా అమృత తడిచీరతో నూరు లెక్కపెట్టిందని, గుడికి పోకుండానే పోచమ్మ తీర్పు ఇచ్చిందని. ఆ కథలో నేను ఉన్నాను కానీ బకెట్ దగ్గరే ఉన్నాను. మా ఆయన నాతో రెండు వారాలు సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత మాట్లాడాడు. ఏదో ఒక సందేహానికి, వదినను అడుగు అన్నాడు.

నాకు ఓర్వలేనితనం తగ్గలేదు. ఇదివరకు దానికి కారణం లేదు, ఇప్పుడు కారణం కూడా దొరికింది.

ఒక్కటే మారింది. ఈ వీధిలో పసుపు నీళ్ల పని పడితే అక్క తన సంచిలో పసుపు ఉన్నా మా వెనక గుమ్మానికి వస్తుంది. చేయి చాపుతుంది.

"చెల్లె, ఇయ్యాల బట్టలు పిండినవా?"

అడిగేటప్పుడు నా ముఖం వైపు చూడదు, పసుపు డబ్బా వైపు చూస్తుంది. ఇంకా లేదక్కా అంటాను. గుప్పెడు నిండా పసుపు పోస్తాను. ఆమె పిలిచేదాకా బండ మీద కూర్చొని, నానేసిన బకెట్‌ను చూస్తూ ఉంటాను.